చీనీ తోటా, చెనిక్కాయ సేద్యమా? కిందపడ్డ టీమ్‌ను లేపడానికి ఏ మేనేజర్ దారి మేలు

పోయిన సీజన్‌లో మా ఫుట్‌బాల్ టీమ్ ఎనిమిదింట్లో ఏడోది. అనంతపురంలో ఆదివారాలు పొద్దున ఆడుకునే చిన్న లీగ్ లెండి. టీమ్‌కు కోచ్ నేనే, మేనేజర్ నేనే, బాల్‌లో గాలి కొట్టించుకొచ్చేదీ నేనే. ఏడో స్థానమంటే కనీసం ఆఖరుది కాదు కదా అని ఇంట్లో అంటే మా ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు.

సీజన్ అయిపోయిన వారానికి టవర్ క్లాక్ దగ్గర టీ అంగడిలో పంచాయితీ పెట్టినాం. "పాతోళ్లందర్నీ పక్కన పెట్టన్నా, పిల్లోళ్లతో మొదట్నుంచీ కడదాం" అని ఒక వర్గం. "పిల్లోళ్లు ఆట నేర్చేసరికి మనకు మోకాళ్లు పోతాయి, తాడిపత్రి నుంచి ఇద్దర్ని, గుత్తి నుంచి ఒకర్ని తెచ్చుకుందాం" అని ఇంకో వర్గం. మా లెఫ్ట్ బ్యాక్‌కు నార్పల పక్కన చీనీ తోట ఉంది. అంతసేపూ నోరు మెదపనోడు గ్లాసు కింద పెట్టి అన్నాడు: "చెనిక్కాయ ఏసినోడు నాలుగు నెల్లకు లెక్క చూసుకుంటాడు. చీనీ పెట్టినోడు నాలుగైదేండ్లు నీళ్లు పెట్టి కాపు కోసం కాసుకోవల్ల. మీకేది కావల్నో ముందు తేల్చుకోండప్పా."

ఆ మాట నన్ను వదల్లేదు. అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్‌లు చూసే జబ్బు నాకెటూ ఉంది కాబట్టి, కిందపడ్డ క్లబ్‌ను భుజాన వేసుకుని టైటిల్ కోసం నడిచిన మేనేజర్లను పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

ముందు క్లాప్. 2015 అక్టోబర్‌లో ఆయన మేనేజర్‌గా వచ్చేనాటికి ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ అక్కడి లీగ్ పట్టికలో పదో స్థానంలో ఉంది. లీగ్ టైటిల్ చూసి పాతికేళ్లు. ఆ ఏడు ఎనిమిదో స్థానం, తర్వాత రెండేళ్లూ నాలుగు, ఆపైన రెండు, ఆపైన ఒకటి. మెట్లు కట్టినట్టు కనిపిస్తుంది గానీ తిన్న గోల్స్ లెక్క చూడండి. తొలి సీజన్‌లో 50, తర్వాత 42, తర్వాత 38. గోల్స్ కొట్టడానికి కొదవ లేదు, వెనక తలుపు మాత్రం తెరిచే ఉండేది. నాలుగో ఏడు అది ఒక్కసారిగా 22కు పడింది. ఆ 38కీ 22కీ మధ్య ఏం జరిగిందన్నదే నాకు ఈ కథంతటిలో అసలు సంగతి.

2017 వేసవిలో సౌతాంప్టన్ డిఫెండర్ వాన్ డైక్ మీద కన్నేశారు. ఆ క్లబ్‌ను అడక్కుండా మంతనాలు మొదలుపెట్టారని రచ్చయింది. లివర్‌పూల్ అందరి ముందూ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. మనమైతే ఆ ఉక్రోషంలో దొరికినోణ్ణి తెచ్చి నిలబెడతాం. వాళ్లు ఎవర్నీ తేలేదు. అక్టోబర్‌లో టాటెన్‌హామ్ చేతిలో 4-1తో చిత్తయ్యారు. డిఫెండర్ లవ్రెన్‌ను అరగంటకే బయటికి పిలవాల్సొచ్చింది. అప్పుడూ కంగారు పడలేదు. 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లు పెట్టి ఆ వాన్ డైక్‌నే తెచ్చారు. అదే నెలలో, అందరూ ముద్దు చేసుకునే కుటీన్యోను 14 కోట్ల పౌండ్ల దాకా తీసుకుని బార్సిలోనాకు అమ్మేశారు. మేలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోల్ కీపర్ కారియస్ రెండు ఘోరమైన తప్పులు చేశాడు. జూలైకల్లా కొత్త కీపర్ అలిసన్ వచ్చాడు. ముందు వరసలో ఆడే కళాకారుణ్ణి అమ్మి వెనక గోడ కట్టుకున్నారన్నమాట. మిగతా చోట్ల మాత్రం చేయి బిగించే ఉంచారు. రాబర్ట్‌సన్‌ను కింది డివిజన్‌కు పడిపోయిన హల్ నుంచి 80 లక్షల పౌండ్లకు తెచ్చారు. అవతలి పక్క అలెగ్జాండర్ ఆర్నాల్డ్ సొంత అకాడమీ కుర్రాడు.

అంత చేసినా 2018-19లో 97 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానమే. మాంచెస్టర్ సిటీకి 98. ఆ తర్వాతి ఏడాది 99 పాయింట్లతో, ముప్పై ఏళ్ల తర్వాత, 2020 జూన్‌లో టైటిల్ వచ్చింది. చూడ్డానికి స్టేడియంలో జనమే లేరు. ఇక్కడ మేమూ మూతికి గుడ్డ కట్టుకుని, చప్పట్లు కొట్టాలన్నా పక్కన మనిషి లేక, ఫోన్లలోనే అరుచుకున్నాం.

దీని పక్కనే ఆర్టెటాను పెట్టాలి, ఎందుకంటే ఆయనదీ తోట వ్యవహారమే. 2019 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోనే ఇంకో క్లబ్ ఆర్సెనల్‌కు మేనేజర్‌గా వచ్చి ఎనిమిది నెలల్లో ఎఫ్‌ఏ కప్ అనే నాకౌట్ కప్పు కొట్టాడు. లీగ్‌లో మాత్రం ఎనిమిది, మళ్లీ ఎనిమిది. 2021 ఆగస్టు నాకు బాగా గుర్తు. మూడు మ్యాచ్‌లు, మూడూ ఓటమి, తొమ్మిది గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేదు, ఇరవై టీమ్‌ల పట్టికలో ఇరవయ్యో స్థానం. యాజమాన్యం ఆయన్ని తీసేయలేదు. క్లాప్ ఊడిన కీలు వెతికి అక్కడ మేకు కొట్టాడు. ఆర్టెటా ముందు ఇల్లంతా ఊడ్చాడు. పేరున్న ఆటగాడు ఓజిల్‌ను పక్కన కూర్చోబెట్టాడు. కెప్టెన్ ఆబమెయాంగ్ క్రమశిక్షణ తప్పాడని 2021 డిసెంబర్‌లో పట్టీ లాక్కుని, రెండు నెలలు తిరక్కుండానే సాగనంపాడు. ఆ సీజన్ ఐదో స్థానం. ఆపైన 2023, 2024, 2025లో వరసగా మూడుసార్లు రెండో స్థానం. 2023-24లో అయితే 89 పాయింట్లు. చాలా ఏళ్లలో అది టైటిల్‌కు సరిపోయే లెక్కే, ఆ ఏడు సిటీకి 91 వచ్చాయి.

నాకు ఆర్టెటా అంటే గౌరవమే. కానీ ఊడ్చడం మొదలుపెట్టినవాడికి ఊడ్చినంతకాలం కూడు పెట్టేవాళ్లుండాలి. మా టీమ్‌లో ప్రాక్టీసుకు రానోణ్ణి తీసేస్తానని నేనూ ఒకసారి గట్టిగా చెప్పాను. ఆ ఆదివారం ఏడుగురొచ్చారు. మధ్యాహ్నానికి నా నియమం నేనే మింగేశాను.

ఇంకో మాట. ఆర్సెనల్ ఊడ్చిన సామానులో ఒకటి ఎక్కడ తేలిందో చూస్తే తమాషాగా ఉంటుంది. గ్రానిట్ జాకా 2019లో సొంత మైదానంలో సొంత జనం చేతే ఛీ కొట్టించుకుని కెప్టెన్సీ పోగొట్టుకున్నాడు. వెళ్లిపోబోతుంటే ఆపింది ఆర్టెటాయే, నిలబెట్టిందీ ఆయనే. 2023లో, ముప్పై ఏళ్ల వయసులో, జర్మనీలోని లెవర్‌కూసెన్‌కు అమ్మేశారు. ఆ ఏడాదే ఆ క్లబ్ చరిత్రలో తొలి లీగ్ టైటిల్ వచ్చింది. నడుమున ఆట తిప్పింది జాకానే.

ఆ క్లబ్ మేనేజర్ ఛాబీ అలోన్సో. 2022 అక్టోబర్‌లో వచ్చేటప్పటికి పద్దెనిమిది టీమ్‌లలో పదిహేడో స్థానం. ఆ సీజన్ ఆరో స్థానానికి లాక్కొచ్చాడు. మరుసటి సీజన్ 34 మ్యాచ్‌ల్లో 28 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి సున్నా. పదకొండేళ్లుగా టైటిల్ వదలని బయర్న్ మ్యూనిక్ చేతిలోంచి లాక్కున్నాడు. ఏడాదిన్నరలో! టీ అంగడిలో మా కుర్రాళ్లు ఊగిపోయేది దీని గురించే. "చూడన్నా, అడుగు నుంచి ఆకాశానికి" అంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పదిహేడో స్థానంలో ఉన్న ఆ టీమ్ అంతకుముందు సీజన్‌లో మూడోది. విర్ట్స్, ఫ్రింపాంగ్, టా లాంటి మంచి ఆటగాళ్లు అప్పటికే అక్కడున్నారు. అంటే ఇల్లు బాగానే ఉంది, ఫ్యూజు పోయింది. అలోన్సో ఫ్యూజు వేసి, తర్వాతి వేసవిలో జాకాను, డబ్బు కట్టక్కర్లేకుండా వచ్చిన గ్రిమాల్డోను, బోనిఫేస్‌ను చేర్చుకున్నాడు. ఫ్యూజు వేయడం చేతకాని పని అనట్లేదు. చీకట్లో సరైన ఫ్యూజు వెతకడం అందరి వల్లా కాదు. కానీ గోడలే లేని మాలాంటోళ్లకు ఎలక్ట్రీషియన్ ఏం చేస్తాడు?

పైగా ఆ కాపు ఎంతకాలం నిలిచింది? 2025 వేసవిలో అలోన్సో రియల్ మాడ్రిడ్‌కు, విర్ట్స్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కు, టా బయర్న్‌కు, జాకా సండర్‌లాండ్‌కు పోయారు. కొత్తగా వచ్చిన మేనేజర్ టెన్ హాగ్‌ను లీగ్‌లో రెండు మ్యాచ్‌లకే ఇంటికి పంపారు.

రానియేరి సంగతి త్వరగా ముగిస్తాను. ఆయన మేనేజర్‌గా ఉన్న లెస్టర్ 2015-16లో ఇంగ్లండ్ లీగ్ గెలిచింది, 81 పాయింట్లతో. సీజన్ మొదట్లో ఒకటికి ఐదు వేలు పందెం పలికిన టీమ్ అది. గోల్స్ కొట్టే వార్డీని కొన్నది పది లక్షల పౌండ్లకు, మహ్రెజ్‌ను ఐదు లక్షల లోపు. టీమ్‌ను ఊరికే మారుస్తాడని పేరు పడ్డ రానియేరి ఆ ఏడు దాదాపు ఒకే పదకొండు మందిని దింపాడు. అందమైన కథే. కానీ అది అదునులో పడ్డ వాన. మన జిల్లాలో వాన మీద ఆశపెట్టుకుని చెనిక్కాయ వేసినోళ్లకు ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. మరుసటి సీజన్ ఫిబ్రవరిలో ఆయన్నే తీసేశారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. గోల్ తినకుండా మ్యాచ్ ముగిస్తే పిజ్జా పెట్టిస్తానన్నాడట కదా, నేనూ మావాళ్లకు ఉగ్గాని బజ్జీ పెట్టిస్తానన్నాను. సీజనంతా నా జేబు భద్రంగా ఉంది.

ఇక నాకు మనసుకు దగ్గరైనోడు మనోలో మార్కెజ్. ఆర్టెటా, అలోన్సోల లాగే స్పెయిన్ మనిషి. ఆ దేశపు మాట మన ఊరికి కొత్తేం కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి 1969లో పల్లెల కోసం పనిచేసే ఆర్డీటీ సంస్థ పెట్టాడు. ఆ సంస్థ మైదానాల్లో ఎంతమంది పల్లె పిల్లలు బూట్లు వేసుకున్నారో మాకు తెలుసు. మార్కెజ్‌దీ బార్సిలోనాయే. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. అంతకుముందు సీజన్‌లో ఆ టీమ్ మన దేశపు లీగ్ ఐఎస్‌ఎల్‌లో ఆఖరుది, గెలిచినవి రెండే మ్యాచ్‌లు. వచ్చిన ఏడు ఐదో స్థానం, రెండో ఏడు కప్పు. 2022 మార్చిలో గోవాలో ఫైనల్, కేరళ మీద 1-1. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మా గోల్ కీపరన్న ఆ రాత్రి నుంచి కట్టిమణి పేరు తీస్తే చాలు మెత్తబడతాడు.

మార్కెజ్ చేసింది చూడండి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, యాసిర్ లాంటి కుర్రాళ్లను నమ్మి దింపాడు. గోల్స్ కోసం మాత్రం ఆట పండిన ఒగ్బెచేను పెట్టుకున్నాడు. ఆ సీజన్ ఆయన కొట్టినవి 18. బాగా ఆడుతున్న లిస్టన్ కొలాసోను క్లబ్ అమ్మేసుకున్నా టీమ్ కూలిపోలేదు. ఒక్క మెలిక ఉంది, దాచడం న్యాయం కాదు. అప్పట్లో ఐఎస్‌ఎల్ కప్పు లీగ్ అయ్యాక పెట్టే ప్లేఆఫ్‌లో తేలేది. లీగ్ పట్టికలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ ఆ ఏడు జంషెడ్‌పూర్‌ది, హైదరాబాద్ రెండోది. కాబట్టి లీగ్ టైటిల్ కొలతతో కొలిస్తే క్లాప్ ముందర మార్కెజ్ ఒక మెట్టు కిందే. పైగా ఆయన వెళ్లాక, డబ్బు ఇబ్బందులు ముదిరి, 2023-24లో ఆ టీమ్ మళ్లీ అట్టడుగుకు చేరింది. బోరు ఎండితే చీనీ చెట్టు నిలువునా ఎండుతుంది. మా లెఫ్ట్ బ్యాక్ ఈ మాట వినగానే తల తిప్పుకున్నాడు. వాళ్ల నాయన కాలంలో తోట పోయిందలాగే.

ఏది మేలు అంటే, డబ్బూ ఓపికా రెండూ ఉన్న యాజమాన్యానికి క్లాప్ దారికి మించింది నాకు కనబళ్లేదు. తొందర పడని చోటే ఆయన గెలిచాడు. ఓపిక మాత్రమే దండిగా ఉంటే ఆర్టెటా. టీమ్‌లో సరుకుండి మనసు చెదిరితే అలోన్సో. చేతిలో చిల్లిగవ్వ లేక, పదకొండు మందిని పోగేయడమే పండగైన మాకు మార్కెజ్. కానీ ఆయన దారిలోకి క్లాప్ నుంచి ఒక్క పని అరువు తెచ్చుకున్నాను. నా నోటు పుస్తకం తీసి తిన్న గోల్స్ లెక్క చూస్తే సగానికి పైగా కార్నర్లవే. బాల్ గాల్లోకి లేస్తే మావాళ్లు ఆకాశంకేసి చూస్తారు, ఎవడూ ఎగరడు. ఇన్నాళ్లూ గోల్ కొట్టేవాడు లేడని ఏడ్చాను, లేనిది ఎగిరి బాల్‌ను తలతో కొట్టేవాడు.

అందుకని ముగ్గుర్ని తెచ్చే ఆలోచన మానేశాను. తాడిపత్రిలో ఒక డిఫెండర్ ఉన్నాడు, పొడుగరి, నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పని. దసరా దాకా ఆదివారాలు దొరకనన్నాడు. దసరా దాకా ఆగుదామన్నాను. టీ అంగడిలో ఒకరిద్దరు ఎగిరిపడ్డారు, అప్పటికి ఐదు మ్యాచ్‌లు పోతాయని. పోతే పోనీలే అన్నాను. పాతోళ్లను ఎవర్నీ తీయడం లేదు. ప్రాక్టీసు నుంచి ఇద్దరు పిల్లల్ని పైకి తెస్తున్నాను, అందులో ఒకడు గోల్ కీపర్.

కష్టమైన మాట ఆ ఒక్కటే. మా కీపరన్నకు ముప్పై ఎనిమిది. బైక్ మెకానిక్కు, గ్లోవ్స్ తీస్తే వేళ్లకు గ్రీసు. ఈ సీజన్ సగం మ్యాచ్‌లు పిల్లోడివి, సగం నీవి అని చెప్పడానికి రెండు రోజులు ఆయన షెడ్డు చుట్టూ తిరిగాను. చెప్పాను. ఆయన చేతిలో స్పానర్ పక్కన పెట్టలేదు, నావైపు చూడలేదు. ప్లగ్ బిగించి, గుడ్డతో తుడిచి, బండి ఒకసారి స్టార్ట్ చేసి ఆపాడు.

"వానికి ఎడం పక్కకు దూకడం రాదు" అన్నాడు. "రేప్పొద్దున ఆరుకు రమ్మను."