అమీర్‌పేటలో ఓపెన్ సోర్స్ వర్క్‌షాప్: రెండు వారాంతాల అనుభవం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడిస్తే జావా, టెస్టింగ్, క్లౌడ్ కోర్సుల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వాటి నడుమ ‘ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ పంపడం’ అన్న చిన్న బోర్డు (ఎవరైనా చూసి, మార్చుకునేలా కోడ్‌ను బహిరంగంగా ఉంచే ప్రాజెక్టులవి) చూసి, మాదాపూర్‌లో ఆరేళ్లుగా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నా ఆ పని ఒక్కసారైనా చేయలేదన్న వెలితితో చేరాను. రెండు వారాంతాలు, మొత్తం నాలుగు రోజులు. ఫీజు 4,500 రూపాయలు. తరగతిలో సగం మంది బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థులు, మిగిలినవారు నాలాంటి ఉద్యోగులు.

మొదటి రోజు చాలావరకు వృథా అయింది. ఒకే వైఫై మీద అందరం గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్), కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చేది) డౌన్‌లోడ్ చేసుకోవడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్న భోజనం దాకా పాఠమే సాగలేదు. ఏమేమి ఇన్‌స్టాల్ చేసుకుని రావాలో ముందు రోజే ఒక మెసేజ్ పంపి ఉంటే ఆ పూట మిగిలేది. ఆ తర్వాత ఫోర్క్ (ప్రాజెక్టుకు సొంత నకలు), క్లోన్ (దాన్ని మన కంప్యూటర్‌లోకి దించడం), బ్రాంచ్ (మార్పుకు వేరే పాయ), కమిట్ (మార్పును వివరణతో నమోదు చేయడం), పుష్ (తిరిగి పైకి పంపడం) అన్న వరుసను చూపించి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఎవరి పేరు వారు చేర్చి పుల్ రిక్వెస్ట్ (మా మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పంపమన్నారు. అది సంస్థ సొంత రిపాజిటరీ (కోడ్ ఉంచే చోటు) కనుక ఎవరికీ ఇబ్బంది లేదు గానీ, కొత్తవారు అదే అసలు పని అనుకునే ప్రమాదం ఉంది. పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇచ్చిన హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే ఆన్‌లైన్ కార్యక్రమంలో, 2020 అక్టోబరులో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో ఒకటి రెండు మాటలు మార్చి పంపినవారి తాకిడికి మెయింటెయినర్లు (ప్రాజెక్టును చూసుకుంటూ, వచ్చిన మార్పులను పరిశీలించేవారు) విసిగిపోవడం, నెల మొదలైన కొద్ది రోజులకే నిర్వాహకులు నిబంధన మార్చి, ముందుగా సమ్మతించిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవడం ఈ రంగంలో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. ఆ సంగతి తరగతిలో చెప్పి ఉండవలసింది.

రెండో రోజు నుంచి వర్క్‌షాప్ స్వరూపమే మారిపోయింది. బోధించిన మేడమ్ ప్రతి ఒక్కరికీ బయటి ప్రాజెక్టుల నుంచి ఒక చిన్న బగ్ ఎంచి ఇచ్చి, ముందు కోడ్ తెరవవద్దని, ఆ తప్పును మీ కంప్యూటర్‌లో మళ్లీ జరిపించి చూపండని అడిగారు. నాకు వచ్చింది నోట్సు రాసుకునే ఒక ప్రోగ్రామ్. శీర్షిక పొడవైతే కొంత మేర చూపి చివర మూడు చుక్కలు పెడుతుంది. తెలుగులో మాత్రం ఆ కోత అక్షరం మధ్యలో పడుతోంది. ‘క్షేత్రం’ అన్న మాటను మనం రెండక్షరాలుగా చదువుతాము. అన్ని భాషల లిపులకూ సంఖ్యా సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న అని ఎనిమిది సంకేతాలు. ఆరో సంకేతం దగ్గర కోస్తే తెరపై ‘క్షేత్’ అని మిగులుతుంది. నాకు తోచిన మొదటి పరిష్కారం చివర పొల్లు ఉంటే తీసేయడం. అలా తీస్తే ‘క్షేత’ అవుతుంది, అది మరింత తప్పు. ఆ పొల్లుతో పాటు దాని ముందున్న హల్లునూ వదిలేసి ‘క్షే’ దగ్గర ఆపే కోడ్ రాసి, ఎంతో తృప్తిగా పంపాను.

ఈ వర్క్‌షాప్‌కు నేను ఇచ్చే మార్కులన్నీ ఆ తర్వాత జరిగినదానికే. రెండు రోజులకు మెయింటెయినర్ నుంచి జవాబు వచ్చింది: హిందీ, మలయాళం సంగతేమిటి, ప్రతి లిపికీ విడిగా ఒక షరతు రాస్తామా, టెస్టు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న కోడ్) ఏదీ, కమిట్ సందేశంలో కారణం ఎందుకు లేదు? చదవగానే ముఖం మాడిపోయింది. రెండో శనివారం మేడమ్ ఆ జవాబును అందరి ముందూ తెరపై పెట్టి, ఒక్కో ప్రశ్న వెనుక ఉన్న బాధ్యతను విడమరచి చెప్పారు. మనం పంపిన పది వరుసలను రేపటి నుంచి మోయవలసినది ఆ మెయింటెయినరే గనుక, ఆయన అడిగేది మన నేర్పును శంకించి కాదని అప్పుడు బోధపడింది. మాటను అక్షరాలుగా విడగొట్టే పాత యూనికోడ్ నియమం ప్రకారం ‘క్షేత్రం’ నాలుగు ముక్కలవుతుందని, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో నియమం మారి తెలుగు, దేవనాగరి, మలయాళం వంటి లిపుల్లో సంయుక్తాక్షరం ఒకే ముక్కగా నిలుస్తుందని ఆమె చూపించారు. నేను రాసిన షరతులన్నీ కొట్టేసి, ఆ నియమం పాటించే లైబ్రరీకే (ఇతరులు రాసిపెట్టిన సిద్ధమైన కోడ్‌కే) పని అప్పగించి, మూడు లిపులకు టెస్టులు జోడించాను. చివరికి మిగిలిన మార్పు నాలుగు వరుసలు, టెస్టులు ముప్పై వరుసలు.

ఇంత బాగా నేర్పిన చోట ఒక పెద్ద లోటు మిగిలింది. నా మార్పు నచ్చిందని చెబుతూ మెయింటెయినర్, కమిట్ చివర సైన్డ్ ఆఫ్ బై వరుస చేర్చమన్నారు. లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ప్రాజెక్టులో 2004లో మొదలైన ఈ పద్ధతిలో, ఈ కోడ్‌ను ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుందని మనమే ధ్రువీకరిస్తాము. ఆ హక్కు నాకుందా? 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే. పైగా సొంత సమయంలో రాసినదాన్ని కూడా తమదే అనే షరతు కొన్ని నియామక పత్రాల్లో ఉంటుంది. నా పత్రంలోనూ ఉంది. ఆఫీసులో అనుమతి కోరితే అనుమతి పత్రం చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. సగం మంది ఉద్యోగులే ఉన్న తరగతిలో ఈ విషయానికి ఒక గంటైనా కేటాయించకపోవడం నాకు బాధ కలిగించింది. ఫీడ్‌బ్యాక్ కాగితంలో ఇదే రాసి ఇచ్చాను.

విద్యార్థులు నిస్సంకోచంగా చేరవచ్చు. గిట్ రోజూ వాడేవారు వీలైతే మొదటి రోజు మానేసి మిగిలిన మూడు రోజులకే వస్తామని అడిగి చూడండి; మా బ్యాచ్‌లో ఒకరికి ఫీజు కొంత తగ్గించారు. ఉద్యోగులు మాత్రం నియామక పత్రం ఒకసారి తీసి చదివి, అవసరమైతే చేరే రోజునే ఆఫీసులో అనుమతికి దరఖాస్తు పెట్టండి. నాకు అనుమతి పత్రం వచ్చిన సాయంత్రమే ఆ సైన్డ్ ఆఫ్ బై వరుస చేర్చి పంపాను. మర్నాడు పొద్దున మార్పు మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసింది.