ఎల్‌ఐసీనా, ప్రైవేటా? పర్లాకిమిడిలో నేను ఎలా ఎంచుతానంటే

"మీ దగ్గర అన్ని కంపెనీల పాలసీలూ ఉంటాయి కదా, దాచకుండా చెప్పండి, ఏది మంచిది?" ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి బజారులో వారానికి ఇద్దరైనా నన్ను ఆపి ఇలా అడుగుతారు. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి ఫోను చేసేవాళ్లు వేరే. ఒక కంపెనీకి ఏజెంటుగా ఉన్నప్పుడు నాకు ఈ చిక్కు లేదు. మన దేశంలో వ్యక్తిగత ఏజెంటు ఒక్క జీవిత బీమా కంపెనీకే పనిచేయాలి, కాబట్టి ఎవరి కంపెనీ వారికి గొప్పది. ఇప్పుడు బ్రోకరు సంస్థలో ఉన్నాను. చట్టం ప్రకారం బ్రోకరు కొనేవారి తరఫు మనిషి. ఎంచే భారం నా నెత్తిన పడింది.

అందరూ ముందుగా అడిగేది క్లెయిముల శాతం, అంటే వచ్చిన క్లెయిముల్లో నూటికి ఎన్ని చెల్లించారన్నది. 2022-23లో ఎల్‌ఐసీది 98.52, ప్రైవేటు కంపెనీలన్నీ కలిపి 98.02. ఈ అర శాతాన్ని చూసి ముప్ఫై ఏళ్ల ఒప్పందానికి సంతకం పెట్టమని నేను చెప్పలేను. పైగా పాలసీల సంఖ్యను బట్టి కట్టే ఈ లెక్కలో యాభై వేల పొదుపు పాలసీ ఒకటే, కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే డబ్బు వచ్చేది) కూడా ఒకటే. టర్మ్ ప్రీమియం ఎల్‌ఐసీలో సాధారణంగా కాస్త ఎక్కువ. అది కూడా నాకు రెండో విషయమే.

నేను చూసేది ఒక్కటి: పాలసీ ఇచ్చే ముందు ఆ కంపెనీ మనిషిని ఎంత సతాయిస్తుంది?

మా వైపు చాలామంది పొద్దున్నే గుడాఖుతో, అంటే పొగాకు ముద్దతో, పళ్లు తోముకుంటారు. పొగాకు అలవాటు ఉందా అంటే "అబ్బే, సిగరెట్టు ముట్టనండీ" అంటారు. అబద్ధమాడాలని కాదు, గుడాఖును ఎవరూ పొగాకు కింద లెక్కేయరు, అంతే. ప్రపోజలు ఫారం మాత్రం "ఏ రూపంలోనైనా" అని అడుగుతుంది. నిరుడు ఒక కిరాణా వ్యాపారికి రెండు ప్రైవేటు కంపెనీల టర్మ్ పాలసీలు చూపించాను. మొదటి కంపెనీ ఫోనులోనే, హిందీలో గబగబా ప్రశ్నలు చదివింది. ఆయన అన్నిటికీ "నహీ" అన్నాడు. పది నిమిషాల్లో పని తేలిపోయింది. రెండో కంపెనీ రక్తం, మూత్రం పరీక్షలు కావాలంది. చిరునామా ఒడిశాది కాబట్టి శ్రీకాకుళం ల్యాబు కుదరదు, బరంపురం వెళ్లాలంది. ఒక రోజంతా కొట్టు మూత. తీరా మూత్రంలో నికోటిన్ ఆనవాలు దొరికి ప్రీమియం పెరిగింది. ఆయన నా మీద మండిపడ్డాడు. నేను రెండోదే తీసుకోమన్నాను.

కారణం బీమా చట్టంలోని 45వ సెక్షను. మూడేళ్లు నిండిన పాలసీని ఏ కారణంతోనూ కంపెనీ ప్రశ్నించడానికి వీల్లేదు. ఆ లోపు మనిషి పోతే మాత్రం పాత కాగితాలన్నీ తవ్వుతుంది. పొగాకు సంగతి దాచారని తేలితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. మధ్యలో పాలసీ ఆగిపోయి పునరుద్ధరించుకుంటే ఆ మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పరీక్ష చేసి, పెంచిన ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ రేపు ఆయన భార్యతో "పొగాకు సంగతి మాకు తెలియదు" అనలేదు. పది నిమిషాల్లో పాలసీ ఇచ్చిన కంపెనీ చేయని విచారణంతా ఆయన పోయాక మొదలుపెడుతుంది.

వైద్య పరీక్ష లేకుండా ఇచ్చే నాన్-మెడికల్ పాలసీలతోనూ నాకు ఇదే భయం. ఏ కంపెనీదైనా సరే, ఫారం నింపేది చాలాసార్లు ఏజెంటే. ఆరోగ్య ప్రశ్నలకు వరుసగా "లేదు, లేదు" అని రాసేసి సంతకం చేయించుకుంటాడు. ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను.

ఎల్‌ఐసీ బలం వేరే చోట ఉంది. 1956 నాటి చట్టంలోని 37వ సెక్షను ప్రకారం బీమా మొత్తానికీ, బోనసుకూ కేంద్ర ప్రభుత్వ హామీ ఉంటుంది. డివిజను కార్యాలయం బరంపురంలోనే ఉంది, పల్లెల్లో ఇంటికొచ్చే ఏజెంటు ఉంటాడు. భద్రంగా దాచుకోవాలి, రాబడి తక్కువైనా పరవాలేదు అనేవారికి నేను చూపించేది ఎల్‌ఐసీయే. అయితే పొదుపు పాలసీ ప్రీమియం పెద్దది, కమీషను ప్రీమియంలో వాటా. టర్మ్ మాట ఎత్తగానే మీ ఏజెంటు పొదుపు వైపు ఎందుకు మళ్లిస్తాడో దీన్నిబట్టి ఊహించుకోండి.

తపాలా వారి గ్రామీణ జీవిత బీమా బాగానే ఉంటుంది, కానీ 10 లక్షలు దాటదు. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బ్యాంకు ఖాతా ఉన్నవారంతా, 18 నుంచి 50 ఏళ్ల లోపు అయితే, ఎలాగూ తీసుకోవాలి. వచ్చేది 2 లక్షలే.

ఇక పేర్ల గొడవ. ఒడియాలో వకారం బకారమవుతుంది, ఇంటిపేరు ముందు నుంచి చివరికి పోతుంది. వెంకటరావు బెంకట రావవుతాడు. కిరాణా ఆయన భార్య పదో తరగతి సర్టిఫికెట్లో వరలక్ష్మి, ఆధార్‌లో బరలక్ష్మి. నామినీ పేరు కలవలేదని ఆ రెండో కంపెనీయే ఫారం రెండుసార్లు తిప్పి పంపింది. మొదటిసారి ఆయన నన్ను తిట్టాడు. రెండోసారి కొట్టు మూసి, భార్యను వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రంలో వరుసలో నిలబడ్డాడు.