నాడీ ప్రేరణకు వీలున్న ఆర్గాన్ బాత్: పరిశోధక విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆర్గాన్ బాత్ అంటే జంతు కణజాలాన్ని వెచ్చని పోషక ద్రవంలో బతికించి, దాని సంకోచాలను నమోదు చేసే పరికరం. మా ఫార్మకాలజీ విభాగానికి కొత్తగా వచ్చిన ఈ ఆర్గాన్ బాత్‌ను గినీ పంది శుక్రవాహికతోను, దానికి చేరే హైపోగ్యాస్ట్రిక్ నాడితోను పరీక్షించాను. నాడి చురుగ్గా ఉన్నప్పుడు, అది కండరానికి సంకేతమిచ్చే రసాయనమైన నార్‌ఎడ్రినలిన్ విడుదలే కాక తయారీ కూడా పెరుగుతుందని 1960లలో నార్మన్ వైనర్ బృందం చూపినది ఈ కణజాలంలోనే. అందుకే ఆ పనికి ఈ పరికరం ఏ మేరకు తగినదన్నదే నాకు ముఖ్యమైంది.

ఉష్ణోగ్రత 37 డిగ్రీల వద్ద నిలకడగా ఉంటుంది. ప్లాటినం ఎలక్ట్రోడ్ల మధ్య నాడి నలగకుండా ఇముడుతుంది. నాడి కొసల నుంచి సంకేత రసాయనాల విడుదలను ఆపే గ్వానెథిడిన్ అనే మందు కలపగానే సంకోచాలు అణగిపోయాయి కనుక, విద్యుత్తు నేరుగా కండరాన్ని కాక నాడినే ప్రేరేపిస్తోందని నమ్మవచ్చు. అయితే అడుగు నుంచి వచ్చే కార్బోజెన్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌ల మిశ్రమం) బుడగలు మరీ పెద్దవి. అవి కణజాలాన్ని తాకిన ప్రతిసారీ తెర మీది గీత వణుకుతుంది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. తెర మీద కనబడేది సంకోచమే, నార్‌ఎడ్రినలిన్ తయారీ కాదు. పైగా ఆ సంకోచపు తొలి దశకు కారణం ప్రధానంగా నాడి విడుదల చేసే మరో సంకేత రసాయనమైన ఏటీపీ. తయారీని కొలవాలంటే దానికి ముడిసరుకైన అమైనో ఆమ్లం టైరోసిన్‌ను రేడియోధార్మిక రూపంలో ఇచ్చి, ఎంత నార్‌ఎడ్రినలిన్‌గా మారిందో చూడాలి. ప్రేరణ వల్ల టైరోసిన్ నుంచి జరిగే తయారీ పెరిగి, దాని తర్వాతి మెట్టైన డోపా నుంచి జరిగేది పెరగకపోవడాన్ని బట్టే, అదుపు టైరోసిన్‌ను డోపాగా మార్చే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ దగ్గర ఉందని తేలింది. పోగుపడిన నార్‌ఎడ్రినలిన్ ఆ ఎంజైమ్‌ను నిరోధిస్తుంది. నాడి పనిచేస్తున్నప్పుడు ఎంజైమ్‌కు ఫాస్ఫేట్ చేరడం వల్ల ఆ నిరోధం సడలి, ఎంజైమ్ చురుకెక్కుతుంది. ఇంత సొగసైన ప్రయోగానికి ఈ 20 మి.లీ. పాత్ర పెద్దదైపోయింది, ఖరీదైన టైరోసిన్ అందులో పలచబడి వృథా అవుతుంది.

రోజుల తరబడి సాగే మార్పును ఏ ఆర్గాన్ బాత్ కూడా చూపలేదు. సర్పగంధి మొక్క నుంచి తీసిన, నార్‌ఎడ్రినలిన్ నిల్వలను ఖాళీ చేసే రిసర్పిన్‌ను ఎలుకలకిచ్చి, నాడుల చురుకు పెరగడంతో గాంగ్లియాలలో (నాడీకణాల ముడులలో) ఎంజైమ్ పరిమాణమే హెచ్చుతుందని, గాంగ్లియాకు వచ్చే నాడిని కోస్తే ఆ హెచ్చు ఉండదని థోనెన్, ముల్లర్, యాక్సెల్‌రాడ్ 1969లో చూపినది బతికున్న జంతువులలో.

సంకోచాలు నమోదు చేసే పనికైతే దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తయారీని కొలవదలచినవారు మాత్రం 5 మి.లీ. పాత్ర, బుడగలను చిన్నవి చేసే సన్న రంధ్రాల గాజు బిళ్ళ అమర్చి ఇస్తామని విక్రేత రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఆర్డరు పెట్టాలి.