డిగ్రీ మానేసినవాళ్ల మీద రీసెర్చ్: సర్కారు లెక్కలా, గూగుల్ ఫారమా, ఇంటికెళ్లి అడగడమా? ఏది మేలు?

డిగ్రీ పిల్లలు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి, మానకుండా క్లాసులో కూర్చున్న పిల్లలకు ప్రశ్నాపత్రాలు పంచడం మన దగ్గర మామూలే. నవ్వకండి, నా మొదటి సినాప్సిస్, అంటే పీహెచ్‌డీ పరిశోధన ప్రణాళిక, కూడా అదే. గైడ్ సార్ సరే అన్నారు, కమిటీ సరే అంది, శాంపిల్ ఎంత అని అడిగితే 384 అన్నాను, అందరూ తలూపారు. ఈ 384 ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటే, 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు వేసిన పట్టిక ఒకటుంది, అందులో పది లక్షల జనాభాకు 384 మంది చాలని ఉంటుంది. కానీ అది లాటరీ తీసినట్టు ఎవరికైనా ఛాన్స్ వచ్చేలా ఎంచుకున్న 384 మందికి వర్తించే లెక్క. మనం ఎంచుకునేది, ఆ రోజు ఏ లెక్చరర్ సెలవు పెడితే ఆ క్లాసుని.

తర్వాత బుద్ధొచ్చి మూడు దారులూ తొక్కాను. ఈ టాపిక్‌కో, పై చదువుల మీద ఇలాంటి ఇంకో టాపిక్‌కో కొత్తగా దిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు సర్కారు లెక్కలు. ఏఐఎస్‌హెచ్‌ఈ, అంటే పై చదువుల మీద దేశవ్యాప్త సర్వే, మనందరం ఐషే అనేది, 2010-11 నుంచి కేంద్ర విద్యాశాఖ సేకరిస్తోంది. దేశంలోని యూనివర్సిటీలూ కాలేజీలూ తమ లెక్కలు తామే ఆన్‌లైన్‌లో నింపుతాయి. దీని గొప్పేంటంటే ఖర్చు లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఎండలో తిరగక్కర్లేదు. 2021-22 రిపోర్టు తెరిస్తే, 18-23 ఏళ్ల వయసు జనాభాతో పోల్చి లెక్కగట్టే నమోదు నిష్పత్తి, అంటే జీఈఆర్, దేశం మొత్తానికి 28.4, తెలంగాణకు 40, ఆంధ్రకు 36.5 అని కనిపిస్తుంది. మనవాళ్లు ముందున్నారు, సంతోషమే. అయితే అది చేరినవాళ్ల లెక్క, చదువుతున్నవాళ్లది కాదు. రిజిస్టర్లో పేరు ఉన్నవాడు క్లాసులో ఉన్నాడో, హైదరాబాదులో పార్సిళ్లు మోస్తున్నాడో ఆ పట్టికకు తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచే చోట పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ తొందర ఉండదు కూడా.

ఇంకో తమాషా ఉంది. 2019-20కి జీఈఆర్ 27.1 అని ఆ ఏడాది రిపోర్టు చెప్పింది. మరుసటి ఏడాది రిపోర్టులో అదే 2019-20కి 25.6 అని ఉంటుంది. ఈలోగా పిల్లలెవరూ కాలేజీ మానెయ్యలేదు, కింద హారం మారింది అంతే, 2011 జనగణన ఆధారంగా వేసిన కొత్త జనాభా అంచనాలు వాడారు. పాత రిపోర్టులోంచి ఒక అంకె, కొత్త రిపోర్టులోంచి ఒక అంకె తెచ్చి పక్కపక్కన పెట్టి "పెరుగుదల" గీత గీస్తే ఎంత తప్పు వస్తుందో చూసుకోండి.

పైగా ఐషేలో మనకు దొరికేది తలల లెక్క. ఫస్టియర్లో ఇంతమంది, రెండేళ్ల తర్వాత ఫైనలియర్లో ఇంతమంది అని తీసేస్తే వచ్చేది మానేసినవాళ్ల సంఖ్య కాదు, అందులో కాలేజీ మారినవాళ్లుంటారు, డిటెయిన్ అయినవాళ్లుంటారు, మధ్యలో వచ్చి కలిసినవాళ్లూ ఉంటారు.

దీనికంటే మన పనికి దగ్గరగా వచ్చేది జాతీయ నమూనా సర్వే. 75వ రౌండ్, 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా, 1.13 లక్షల ఇళ్లకు వెళ్లి చదువు గురించి అడిగారు. ఇల్లు అన్నాను కదా, అక్కడే తేడా. కాలేజీ టేబుల్ దగ్గర కనిపించని మనిషి ఇంటి దగ్గర కనిపిస్తాడు. చదువు ఆపినవాళ్లను ఎందుకు ఆపారని అడిగితే మగపిల్లల్లో పెద్ద కారణం సంపాదన పనుల్లో పడటం, ఆడపిల్లల్లో ఇంటి పనులు. సరే, ఒప్పుకుందాం. కానీ "ఇంటి పనులు" అనే ఆ ఒక్క కోడ్ కింద ఎన్ని ఉంటాయి! పెళ్లి కుదిరింది, అమ్మకు ఒంట్లో బాగాలేదు, సాయంత్రం ల్యాబ్ అయ్యేసరికి ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది, అన్నీ ఆ గంపలోకే. మన జిల్లాలో పరిస్థితేంటి అని అడిగితే, జిల్లాకు విడిగా నమ్మకంగా చెప్పేంత శాంపిల్ కూడా అందులో ఉండదు.

ఇక గూగుల్ ఫారం. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఈ ప్రశ్నకు మూడింట్లో ఇదే అధ్వానం, అందరూ చేసేదీ ఇదే. ఎందుకంటే వాట్సాప్ గ్రూపులో పడేస్తే వారంలో డేటా వస్తుంది, లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేస్తే పట్టికలొస్తాయి, వైవాలో, అంటే నోటి పరీక్షలో, పట్టికలు చూపిస్తే ఎవరూ ఏమీ అనరు. నా ఫారంలో 40 వాక్యాలు, ఒక్కోదానికి "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా ఐదు గళ్లు. చాలామంది పై నుంచి కింద దాకా నాలుగో గడిలోనే నొక్కుకుంటూ పోయారు. ఇంగ్లిష్‌లో ఇస్తే అర్థం కాలేదన్నారు, తెలుగు చేసి ఇస్తే ఇంకా అర్థం కాలేదన్నారు, "సంస్థాగత నిబద్ధత" అని రాశాను మరి, నాకే ఇప్పుడు చదివితే చిరాకేస్తుంది. ఒక కాలేజీలో నేను ఫారం నింపిస్తుంటే హెచ్‌ఓడీ గారు వెనక బెంచీ దగ్గర నిలబడి పిల్లల ఫోన్లలోకి తొంగి చూశారు. ఆ క్లాసులో అధ్యాపకుల మీద సంతృప్తి నూటికి నూరు శాతం!

ఫారానికి ఒక మేలు లేకపోలేదు. పేరు రాయనక్కర్లేదు అంటే, మనిషి మొహం చూసి చెప్పలేనివి కొన్ని ఫోనుకు చెప్తారు. హాస్టల్ గదులు కులం చూసి కేటాయిస్తున్నారా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా లాంటివి. అది నేను కాదనను.

ఇంటికెళ్లి అడగడం. ఇది నరకం, ముందే చెప్తున్నా. అడ్మిషన్ రిజిస్టర్ చూడనివ్వాలంటే ప్రిన్సిపల్ గారికి నేను ఇన్‌స్పెక్షన్ మనిషిని కాదనీ, పక్క కాలేజీ మనిషిని అసలే కాదనీ నమ్మకం కుదరాలి, దానికే రెండు మూడు నెలలు పోయాయి. రిజిస్టర్లో ఫోన్ నంబర్లు సగం పనిచెయ్యవు, కొన్ని చేస్తే ఇంటర్ కాలేజీల చుట్టూ తిరిగి పిల్లల్ని చేర్పించే పీఆర్వోలు ఎత్తుతారు. ఊరికి వెళ్తే, చేతిలో ఫైలు చూసి తండ్రి లోపల్నుంచే "బాకీ ఏం లేదు బాబూ, మేం కట్టేశాం" అంటాడు. అమ్మాయి ఇంటికైతే తోడుగా మా అక్కను తీసుకెళ్లేవాణ్ణి, అయినా ప్రశ్న కూతురికి, జవాబు తల్లిది.

అంత పడి అడిగితే వచ్చే జవాబు ఏంటో తెలుసా? "సెట్ కాలేదన్నా." అందరిదీ అదే మాట. దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి థీసిస్‌లో రాస్తే, పిల్లాడు సర్దుకోలేకపోయాడు అని తప్పు వాడి మీదికి పోతుంది. తెలుగులో ఆ మాటకు కర్త లేడు, ఎవరికి ఎవరు సెట్ కాలేదో చెప్పదు. అది విప్పడానికి రెండోసారి, మూడోసారి వెళ్లాలి.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఆంధ్రలో విద్యా దీవెన, అంటే సర్కారు ఇచ్చే కాలేజీ ఫీజు డబ్బు, తల్లి ఖాతాలో పడుతున్న రోజులు. ఫారంలో వీడైతే "ఫీజు ప్రభుత్వం ఇస్తుందా" అంటే అవును అనేవాడు, "ఆర్థిక సమస్య ఉందా" అంటే లేదు అనేవాడు, రెండూ అబద్ధాలు కావు. జరిగిందేంటంటే డబ్బు పడిన వారమే ఇంట్లో అప్పువాడు కూర్చుంటే తల్లి అటు కట్టేసింది. కాలేజీలో ఫీజేదని అడిగారు. అమ్మ మాట బయటపెట్టడం ఇష్టం లేక వీడు వెళ్లడం మానేశాడు. ఇది నాకు మూడోసారి వెళ్లినప్పుడు, వాళ్ల గేదెను తోలుకొస్తూ దారిలో చెప్పాడు, రికార్డర్ ఆన్ చేసి కూడా లేదు. ఇలాంటి మనిషికి ఏ గడిలో టిక్కు పెడతాం?

ఖర్చు దీనికే ఎక్కువ, టైమూ దీనికే ఎక్కువ, గంట మాటలు కాగితం మీద పెట్టడానికి ఒక రోజంతా పోతుంది. చివర్లో ఎగ్జామినర్ గారు "ఇరవై రెండు మందితో ఏం తేలుతుందమ్మా" అంటారు. ఎంతమంది మానేశారన్నది తేలదు సార్, ఆ సంఖ్య కోసం నేను వెళ్లలేదు అని చెప్పగలిగే ధైర్యం ఉండాలి. ఇంకో చిక్కు, చిన్న ఊరు, చిన్న కాలేజీ అయితే పేరు మార్చి రాసినా ఎవరో ఇట్టే పట్టేస్తారు. గేదె సంగతి కూడా నేను ఇక్కడ కొంచెం మార్చే రాశాను.

మరి ఏది మేలు అంటే, నాలుగు నెలల్లో ఎంఈడీ డిసర్టేషన్ తేల్చాల్సినవాళ్లు సర్కారు లెక్కలతో సరిపెట్టుకోండి, ప్రశ్న కూడా దానికి తగ్గట్టే చిన్నది పెట్టుకోండి, "ఎందుకు" జోలికి పోవద్దు. పీహెచ్‌డీ వాళ్లకు యూజీసీ ఇచ్చే ఆరేళ్లున్నాయి, కాబట్టి ముందు ఇళ్లకు వెళ్లండి, ఫారం చెయ్యాలనిపిస్తే ఆ తర్వాతే. నేను తిరిగొచ్చాక నా ఫారంలో 40 వాక్యాలు 11 అయ్యాయి. "ఆర్థిక సమస్య" అన్నది పోయి, "పోయిన నెల బస్సు ఖర్చు ఎవరిచ్చారు, ఫీజు డబ్బు ఎవరి చేతికొచ్చింది, ఎవరి చేతికి పోయింది" అని వచ్చింది. దాన్ని కూడా వాట్సాప్‌లో పడెయ్యలేదు, మానేసినవాళ్లకే ఫోన్ చేసి చదివి వినిపించి నింపాను.

ఇంటికెళ్లేటప్పుడు మాత్రం ఫైలు పట్టుకెళ్లకండి. చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి, చాలు.