మందు అణువులకి ఎక్స్‌పీఎస్ పనికొస్తుందా? చాలాకాలంగా వాడుతున్నవాడి మాట

పనికొస్తుంది. ఎక్స్‌పీఎస్ అంటే ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ, ఉపరితలం మీద ఏ మూలకాలున్నాయో చెప్పే పద్ధతి. కాకపోతే కార్బన్ పీక్ చూసి మురిసిపోకండి, నైట్రోజన్‌నీ సల్ఫర్‌నీ అడగండి. గుంటూరులో శాంపిళ్లు తయారుచేయడం, వేరే ఊళ్లో ఉన్న మెషిన్‌కి పంపడం, వచ్చిన ఫైళ్లతో కుస్తీ పట్టడం, ఏళ్లుగా ఇదే నా పని.

మెషిన్ చేసేదల్లా 1486.6 ఎలక్ట్రాన్ వోల్టుల అల్యూమినియం ఎక్స్‌రేని శాంపిల్ మీద వేసి, ఎగిరొచ్చిన ఎలక్ట్రాన్ల వేగాన్ని బట్టి అవి ఏ మూలకానివో, దాని పక్కన ఏ బంధం ఉందో చెప్పడం. ఒక్కో మూలకం గ్రాఫ్‌లో ఒక్కోచోట పీక్‌గా లేస్తుంది, కింద పీకులకి చెప్పిన అంకెలన్నీ ఎలక్ట్రాన్ బంధన శక్తి, ఎలక్ట్రాన్ వోల్టుల్లో. దీన్ని పరిశోధనకు పనికొచ్చే పద్ధతిగా తీర్చిదిద్దిన కై సీగ్బాన్‌కి 1981లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. చూసేది పైపైన పది నానోమీటర్ల లోపే, హైడ్రోజన్ అసలు కనబడదు.

అసలు తలనొప్పి కార్బన్‌తో. గాలి తగిలిన ప్రతి వస్తువు మీదా కార్బన్ మురికి పొర చేరుతుంది, దాన్నే 284.8 దగ్గర పెట్టి మిగతా పీకులన్నీ సరిచేసుకునేవాళ్లే ఎక్కువ. మరి టైటానియం మీద పూసిన కర్క్యుమిన్ (పసుపులోని రంగు పదార్థం) అంటుకుందో లేదో ఎలా తేల్చాలి? దుగ్గిరాల పసుపు పక్కనే ఉందని చాలామంది దాంతోనే మొదలుపెడతారు గానీ, ఆ అణువులో ఉన్నవి కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజనే, మొదటి రెండూ మురికిలోనూ ఉంటాయి. మన మిర్చి ఘాటు క్యాప్సైసిన్ ఇక్కడ నయం. 18 కార్బన్లు, 3 ఆక్సిజన్లు, ఒక నైట్రోజన్. హైడ్రోజన్ తీసేస్తే నైట్రోజన్ సుమారు నాలుగున్నర శాతం రావాలి, అంతకన్నా బాగా తగ్గిందంటే మీరు చూస్తున్నది సగం మురికే.

నాకు బాగా నచ్చింది బంగారం మీద సిస్టీన్, సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం. సల్ఫర్ పీక్ 162 దగ్గరుంటే బంగారాన్ని పట్టుకున్నట్టు, 164కి దగ్గరగా ఉంటే ఊరికే పైన పడి ఉన్నట్టు, 168 దగ్గర లేచిందంటే ఆక్సీకరణ అయిపోయినట్టు. ఇంత సూటిగా చెప్పే పరికరం ఇంకోటి నేను వాడలేదు. కానీ అదే సిస్టీన్‌లో నైట్రోజన్ చూడండి: ప్రోటాన్ పట్టుకున్న అమీన్ (అణువులో నైట్రోజన్ ఉన్న భాగం) 401.5 దగ్గర, మామూలుది 400కి కొంచెం అటూఇటూ. ఎక్స్‌రే కింద ఉంచేకొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతూ పోతుంది, అంటే మనం కొలుస్తూనే అణువుని పాడుచేస్తున్నామన్నమాట. అందుకే నైట్రోజన్, సల్ఫర్ ముందు తీసి, మిగతావి తర్వాత తీయమని ఆపరేటర్‌గారికి చీటీ మీద రాసి పంపుతాను. చెప్పకపోతే అలవాటు ప్రకారం అన్ని మూలకాలనీ ఒకేసారి వెతికే సర్వేతోనే మొదలుపెడతారు.

ప్రొటీన్లతో పనిచేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. లోపల గట్టి వాక్యూమ్, నీళ్లన్నీ లాగేస్తుంది, ప్రొటీన్ ఆకారం ఉన్నట్టు ఉండదు. ఉపరితలం మీద చేరిందా, ఎంత చేరింది అంటే ఎక్స్‌పీఎస్ చెబుతుంది, ఒంట్లో ఎలా పనిచేస్తుంది అంటే చెప్పదు. శాంపిల్‌ని గడ్డకట్టించి కొలిచేవి, కాస్త ఆవిరిలో కొలిచేవి ఉన్నాయి గానీ వాటిలో స్లాట్ దొరకడం మాటలు కాదు.

హీలియం దీపంతో, 21.2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఆవిరి రూపంలో ఉన్న అణువుల్ని చూసే యూపీఎస్ (ఎక్స్‌రే బదులు అతినీలలోహిత కాంతి వాడే పద్ధతి) వేరే కథ. డీఎన్ఏలోని నాలుగు బేసుల్లో గ్వానైన్ అన్నిటికన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్ వదిలేస్తుందనే మాటకి ఈ కొలతల బలం ఉంది. కాకపోతే వేడి చేస్తే ఆవిరయ్యేలోపే మాడిపోయే మందులకి అది కుదరదు, నాకు పెద్దగా అక్కర రాలేదు.

ప్యాకింగ్ దగ్గర మాత్రం చాదస్తంగా ఉండండి. మామూలు ప్లాస్టిక్ కవర్లు, డబుల్ టేపు నుంచి సిలికోన్ (సిలికాన్ ఉన్న జిడ్డు పదార్థం) అంటుకుని 102 దగ్గర సిలికాన్ పీక్ లేస్తుంది, విజయవాడ మే నెల ఎండలో పార్శిల్ వెళ్తే చెప్పక్కర్లేదు. కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పెట్టండి. సిలికాన్ వేఫర్ (పలచని సిలికాన్ పలక) మీద పూత వేసేవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం, వేఫర్ మీది ఆక్సైడ్ పీక్ 103 దగ్గరే ఉంటుంది కాబట్టి మురికి దాని చాటున దాక్కుంటుంది.

ఇంకా, ఏది మురికో పోల్చి చూసుకోవడానికి పూత లేని ఖాళీ ముక్క ఒకటి అదే సీసాల్లో, అదే పార్శిల్‌లో పంపండి. ఇంకో శాంపిల్ డబ్బులు పడతాయి, గైడ్‌గారు గొణుగుతారు, గొణగనివ్వండి.