ఫైలు కనిపించకపోతే డీపీకేజీ ఏం చేస్తుంది?

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థల్లో ప్యాకేజీలను, అంటే ప్రోగ్రామ్‌ల ఫైళ్ల కట్టలను, నిజంగా ఎక్కించేదీ తొలగించేదీ డీపీకేజీ. అన్నీ సవ్యంగా ఉన్న రోజున ఏ ప్యాకేజీ మేనేజరైనా బాగానే పనిచేస్తుంది కనుక, ఉండవలసిన ఫైలు లేనప్పుడు ఇది ఎలా నడుచుకుంటుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

కాన్ఫిగరేషన్ ఫైళ్ల, అంటే ప్రోగ్రామ్ సెట్టింగులుండే ఫైళ్ల, విషయంలో దీని పద్ధతి నాకెంతో నచ్చుతుంది. అలాంటి ఫైలును మనం చెరిపేస్తే, డీపీకేజీ దాన్ని పొరపాటుగా కాక మన నిర్ణయంగా గౌరవిస్తుంది. అదే ప్యాకేజీని మళ్లీ ఎక్కించినా ఆ ఫైలును తనంతట తాను తిరిగి పెట్టదు. కావాలనుకున్నవారు ఫోర్స్-కాన్ఫ్‌మిస్ అనే ఐచ్ఛికాన్ని వాడాలి. ఇది తెలియక, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫైలు రాలేదని గంటల తరబడి తల పట్టుకునేవారు ఉంటారు.

ఏ ప్యాకేజీకి ఏ ఫైళ్లు చెందుతాయో డీపీకేజీ రాసుకునే జాబితాలే పోతే పరిస్థితి వేరు. ఒకసారి కరెంటు పోయి యంత్రం హఠాత్తుగా ఆగిపోయాక, ఫైల్ సిస్టమ్ మరమ్మతులో నా దగ్గర కొన్ని జాబితాలు మాయమయ్యాయి. డీపీకేజీ కుప్పకూలలేదు, ఫలానా ప్యాకేజీ జాబితా లేదని, ప్రస్తుతం దానికి ఫైళ్లేమీ లేవని భావిస్తున్నానని హెచ్చరించి ముందుకు సాగింది. ఆగకపోవడం మంచిదే, కానీ ఆ భావనలోనే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో ప్యాకేజీని తొలగిస్తే, ఏ ఫైళ్లు దానివో తెలియదు కనుక అవన్నీ డిస్కులోనే మిగిలిపోతాయి; తొలగింపు మాత్రం పూర్తయినట్టే నమోదవుతుంది. ముందుగా, డీపీకేజీని నడిపించే ఆప్ట్ అనే సాధనపు రీఇన్‌స్టాల్ ఆదేశంతో అదే ప్యాకేజీని మళ్లీ ఎక్కిస్తే జాబితా తిరిగి ఏర్పడుతుంది, కానీ ఈ మాట ఆ హెచ్చరికలో ఉండదు. తొలగింపుకు ముందు నడవవలసిన స్క్రిప్టు పోతే హెచ్చరిక కూడా రాదు, ఎందుకంటే అలాంటి స్క్రిప్టు అసలే లేని ప్యాకేజీలు ఎన్నో ఉన్నాయి.

పోయిన ఫైళ్లను వెతకడానికి డీపీకేజీ వెరిఫై ఉంది. లేని ఫైలు పక్కన మిస్సింగ్ అని చూపుతుంది. వేరే లినక్స్ వ్యవస్థల ప్యాకేజీ మేనేజర్లలో ఆర్‌పీఎంలోనూ ఇదే సౌకర్యం ఉంది, ప్యాక్‌మ్యాన్‌లో క్యూకే ఐచ్ఛికం ఆ పని చేస్తుంది. అయితే కాన్ఫిగరేషన్ ఫైలు లేకపోయినా ఫరవాలేదని ప్యాకేజీ తయారుచేసేవారే ముందుగా ప్రకటించగల మిస్సింగ్-ఓకే గుర్తు ఆర్‌పీఎంలో ఉంది, అది నాకు ప్రత్యేకంగా నచ్చింది.

డీపీకేజీ పైన పనిచేసే ఆప్ట్ గురించి ఒక్క ఫిర్యాదు. అప్‌డేట్ చేసేటప్పుడు, అందుబాటులో ఉన్న ప్యాకేజీల వివరాలుండే సూచీ ఫైళ్లు కొన్ని దిగకపోతే, వాటిని వదిలేశాననో పాతవే వాడాననో హెచ్చరించి, చాలా సందర్భాల్లో పని విజయవంతమైనట్టే ముగుస్తుంది. మనిషి చదువుతాడు, స్క్రిప్టు చదవదు. ఆటోమేషన్‌లో వాడేవారు ఎర్రర్-ఆన్ ఐచ్ఛికానికి ఎనీ అన్న విలువను తప్పక జతచేయాలి.

ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉందో నమోదుచేసే తన ప్రధాన స్థితి ఫైలుకు డీపీకేజీ పాత ప్రతిని పక్కనే ఉంచుకుంటుంది. డెబియన్‌లో రోజువారీ బ్యాకప్ కూడా ఉంటుంది. అంత జాగ్రత్త తెలిసిన సాధనం, జాబితా లేని ప్యాకేజీని తొలగించమన్నప్పుడు మాత్రం హెచ్చరికతో సరిపెట్టుకోకుండా ఆగి అడగాలని నా కోరిక.