టేకు చేపంటే వణికే నేను స్టింగ్రే సిటీ టూర్‌కి వెళ్ళొచ్చా

ముందే చెప్పేస్తున్నా, నాకు ఈత రాదు. కాకినాడలో పుట్టి పెరిగి, సముద్రం పక్కనే ఉండి కూడా రాదు. మా ఇంట్లో ఆడపిల్లలు బీచ్‌కెళ్తే పాదాలు తడుపుకుని రావడమే, మోకాలి దాకా వెళ్తే ఒడ్డు మీద నుంచి అమ్మ కేకలు. కాబట్టి ఈ రివ్యూ ఈత వచ్చినవాళ్ళకి కాదు, వాళ్ళకి ఎలాగూ ఎక్కడ దింపినా బానే ఉంటుంది. కరీబియన్ సముద్రంలో ఉన్న గ్రాండ్ కేమన్ దీవిలో, స్టింగ్రే చేపల మధ్య నీళ్ళలో దింపే స్టింగ్రే సిటీ టూర్ బుక్ చేసుకుని, తర్వాత రాత్రంతా నిద్రపట్టక ఫోన్‌లో వెతుక్కునే నాలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా.

మొన్న డిసెంబర్‌లో పిల్లల సెలవులకి టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూజ్ ఎక్కాం, కొజుమెల్, గ్రాండ్ కేమన్, జమైకా. మేం నలుగురం, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. గ్రాండ్ కేమన్ రోజుకి మా ఆయన నన్నొక మాట అడక్కుండానే ఈ టూర్ బుక్ చేసేశారు, నడుం లోతు నీళ్ళే, చిన్నపిల్లలు కూడా దిగుతారు అంటూ. ఆయనది వరంగల్ లెండి, సముద్రం అంటే సెలవుల్లో చూసేది ఆయనకి, అందులో ఏముంటాయో తెలీదు.

నాకు తెలుసు. స్టింగ్రే అంటే ఇంకేదో కాదు, మన టేకు చేప జాతే. చిన్నప్పుడు ఉప్పాడలో మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే పడవలొచ్చే టైమ్‌కి ఒడ్డుకి పరిగెత్తేవాళ్ళం. వల దులిపేటప్పుడు టేకు కనపడిందంటే చాలు, ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు కాదు, ముందు కత్తి తీసుకుని తోక మొదట్లోకి నరికి అవతల పారేసేవాళ్ళు, ఆ తర్వాతే చేపని బుట్టలో వెయ్యడం. ఆ తోక ఇసకలో పడి ఉంటే మేం పిల్లలం దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం, తొక్కకుండా. ఒకాయనకి చీలమండ పైన గుంటలాంటి మచ్చ ఉండేది, "ముల్లు దిగింది పాపా, ఆ నొప్పి పగవాడిక్కూడా వద్దు" అనేవాడు. ఇది బుర్రలో పెట్టుకున్న మనిషిని తీసుకెళ్ళి వాటి మధ్యలో దింపుతానంటే ఎలా ఉంటుంది చెప్పండి. దానికి తోడు 2006 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలో, టీవీలో మొసళ్ళు పట్టే స్టీవ్ ఇర్విన్ పోయింది కూడా స్టింగ్రే ముల్లు గుండెల్లో దిగే కదా, ముందు రోజు రాత్రి షిప్‌లో వైఫై కొనుక్కుని మరీ ఆ కథంతా మళ్ళీ చదివాను. అలా చదవకండి. డబ్బు దండగ, నిద్ర దండగ.

సరే, టూర్ సంగతి. గ్రాండ్ కేమన్‌లో షిప్‌లొచ్చే ఊరు జార్జ్ టౌన్, అక్కడ పెద్ద షిప్ వచ్చి ఆగే జెట్టీ లేదు, షిప్ దూరంగా లంగరేస్తుంది, చిన్న టెండర్ బోట్లలో ఒడ్డుకి చేరుస్తారు. షిప్పు నుంచి ఆ బోట్‌లోకి అడుగేసేటప్పుడు రెండూ ఊగుతుంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి, మా అమ్మని ఇద్దరు సిబ్బంది చెరో రెక్కా పట్టుకుని దాటించారు. ఇంకో తిరకాసు టైమ్. కేమన్‌లో ఏడాదంతా ఒకటే టైమ్, గడియారం ముందుకీ వెనక్కీ జరపడం లేదు, చలికాలంలో మన టెక్సస్ కంటే ఒక గంట ముందుంటుంది. మా షిప్ వాళ్ళు టైమ్ మార్చలేదు, బయట బుక్ చేసుకున్న టూర్ వాళ్ళేమో అక్కడి టైమ్ ప్రకారం తొమ్మిదింటికి రమ్మన్నారు, అంటే షిప్ టైమ్‌లో ఎనిమిది. ఇది మా ఆయనకి బ్రేక్‌ఫాస్ట్‌లో రెండో ఆమ్లెట్ తింటున్నప్పుడు వెలిగింది. ఇక చూడండి పరుగులు.

టూర్ షిప్ వాళ్ళ దగ్గర తీసుకోవచ్చు, బయట స్థానిక కంపెనీల దగ్గరా తీసుకోవచ్చు. షిప్ వాళ్ళదైతే రేటెక్కువ, బోట్ నిండా జనం, కానీ లేటైతే షిప్ మీ కోసం ఆగుతుంది. మేం బయటది తీసుకున్నాం, మనిషికి 60 డాలర్లు పడింది, ఒక చిన్న బోట్, మొత్తం పద్దెనిమిది మందిమి. నాలాంటి భయస్తులకి చిన్న బోటే కరెక్టు, ఎందుకో కింద చెప్తా. కంపెనీ పేరు రాయట్లేదు, అలాంటివి అక్కడ బోలెడున్నాయి, అందరూ తీసుకెళ్ళేది నీళ్ళలో ఉండే అదే ఇసక దిబ్బకి.

జార్జ్ టౌన్ నుంచి వాళ్ళ వ్యాన్‌లో సెవెన్ మైల్ బీచ్ మీదుగా బోట్ దగ్గరికి వెళ్ళాం (బ్రిటిష్ వాళ్ళ ఏరియా కదా, బళ్ళు మనలాగే ఎడమ పక్కన, అమ్మకి అది భలే నచ్చింది, "ఇక్కడ సరిగ్గా తోలుతున్నారు" అంది). అక్కడి నుంచి నార్త్ సౌండ్ అని పెద్ద సరస్సులాంటి సముద్రపు నీళ్ళలో ఒక అరగంట ప్రయాణం. దారిలో గైడ్ కథ చెప్పాడు. బయట సముద్రం అలలు పగడపు దిబ్బ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి లోపల నీళ్ళు నిదానంగా ఉంటాయి, పూర్వం జాలర్లు వేట నుంచి వస్తూ ఇక్కడ ఆగి చేపలూ శంఖాలూ శుభ్రం చేసుకుని వ్యర్థాలు నీళ్ళలో పడేసేవాళ్ళంట. ఆ మేతకి స్టింగ్రేలు అలవాటు పడ్డాయి, మోటార్ చప్పుడు వినపడితే చాలు వచ్చేసేవి. 1980ల్లో డైవింగ్ వాళ్ళు చేత్తో తినిపించడం మొదలెట్టారు, అక్కడి నుంచి ఈ టూరిజం అంతా. మన ఊళ్ళో చేపల మార్కెట్ దగ్గర పిల్లులు కాపలా ఉంటాయి చూడండి, అచ్చం అదే.

ఇసక దిబ్బ దగ్గర నీళ్ళు మూడడుగుల లోతు ఉంటాయి, పొట్టిదాన్ని కాబట్టి నాకు బొడ్డు దాకా వచ్చాయి, పక్క బోట్ వెళ్తే అల ఛాతీ దాకా. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే బోట్ మీద నుంచే కింద నల్లటి చాపలు పరిచినట్టు అవి కనిపిస్తున్నాయి, ఆ చాపలు కదులుతున్నాయి. నా గొంతు ఎండిపోయింది. పిల్లలిద్దరూ అప్పటికే దూకబోతుంటే గైడ్ ఆపి రూల్స్ చెప్పాడు, దూకొద్దు, చెప్పులూ షూస్ వద్దు, వాటిని నీళ్ళలోంచి పైకెత్తొద్దు (అక్కడ అది చట్టమే), తోక జోలికి పోవద్దు, అన్నిటికంటే ముఖ్యం అడుగులెయ్యొద్దు, పాదం ఇసక మీదే ఉంచి జరుపుకుంటూ నడవండి అని. పాదం జరిపితే ఇసక కదిలి దానికి తెలిసి తప్పుకుంటుంది, పై నుంచి తొక్కితేనే అది తోక ఎత్తుతుంది, ఆ ముల్లు వేటకి కాదు, ప్రాణం కాపాడుకోడానికి మాత్రమే. ఇదే మాట గాల్వెస్టన్ బీచ్‌లో కూడా చెప్తారు, అక్కడా ఉన్నాయి ఇవి, మనం చూడం అంతే. ఉప్పాడలో ఆయన కథ అప్పుడు అర్థమైంది, లోతు తక్కువ నీళ్ళలో వల లాగుతూ తొక్కేసి ఉంటాడు పాపం.

అర్థం కావడం వేరు, దిగడం వేరు. నిచ్చెన నాలుగు మెట్లు దిగాను, ఒక కాలు ఇసకకి తగిలింది, రెండో కాలు పెడుతుండగా పిక్క మీద ఏదో మెత్తగా రాసుకుంటూ పోయింది. నేను పెట్టిన కేక పక్క బోట్ వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. మళ్ళీ బోట్‌లో ఉన్నా, ఎలా ఎక్కానో గుర్తులేదు. మా పాప "మమ్మీ, ఇట్స్ ఓకే" అంటూ నీళ్ళలోంచి ఓదారుస్తోంది, తొమ్మిదేళ్ళ పిల్ల, సిగ్గేసింది.

చిన్న బోట్ తీసుకోమన్నది ఇక్కడికే. గైడ్ ఒకతను నా దగ్గరే ఉండిపోయాడు, తొందర పెట్టలేదు, ధైర్యంగా ఉండండి లాంటి కబుర్లు చెప్పలేదు. ఒక మాస్క్ ఇచ్చి, లైఫ్ జాకెట్ వేసి, నిచ్చెన పట్టుకునే కింది మెట్టు మీద కూర్చుని తల నీళ్ళలో పెట్టమన్నాడు, అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదన్నాడు. పెట్టాను. అక్కడ మారిపోయింది విషయం. పై నుంచి చూస్తే నల్లటి నీడలు, ఎటు నుంచి వస్తాయో ఎక్కడ తగుల్తాయో తెలీదు, కాళ్ళు మనవే అయినా మనకి కనపడవు. మాస్క్‌తో లోపల చూస్తే అవి అసలు మనల్ని పట్టించుకోవట్లేదు, పెద్ద రొట్టెలు గాల్లో తేలినట్టు అంచులు అలలు అలలుగా ఆడిస్తూ ఇసక మీద వెళ్తున్నాయి, కళ్ళు పైన, నోరేమో కింద, తినేదేంటో దానికే కనపడదు, వాసన పట్టుకుని వెతుక్కుంటాయంట. కళ్ళ వెనకాల రెండు కన్నాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి, ఊపిరికి నీళ్ళు పీల్చేది వాటిలోంచేనని తర్వాత చెప్పాడు. ఒకటి నా పాదం దాకా వచ్చి, ఆగి, పక్కకి తిరిగి పోయింది. నేను చూస్తుండగా పోయింది కాబట్టి కేక రాలేదు. నా భయమంతా కనపడకుండా తగలడం గురించేనని ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడే తెలిసింది. కాబట్టి భయం ఉన్నవాళ్ళకి నేను చెప్పే ఒకే ఒక్క చిట్కా, ఇంట్లో నుంచి మీకు సరిపోయే మంచి మాస్క్ తీసుకెళ్ళండి, దిగే ముందు చూడండి. వాళ్ళిచ్చేవి కొన్ని కారతాయి, నాకిచ్చిన రెండోదాంట్లో ముక్కు దాకా ఉప్పు నీళ్ళు.

ఒక పావుగంటలో దిగాను. పాదాలు జరుపుకుంటూ, మా ఆయన చెయ్యి విరిచేసేలా పట్టుకుని. పొట్ట కింద చెయ్యి పెట్టనిచ్చాడు గైడ్, లేత కొబ్బరి బొండంలో మీగడలా ఉంటుంది చూడండి, స్పూన్‌తో గీరితే వచ్చేది, అచ్చం అలా జారుతోంది చేతిలోంచి. వీపు వేరే, గరుకు, నడిమధ్యలో చిన్న చిన్న ముళ్ళ వరస. ఆడవి బాగా పెద్దవి, మన డైనింగ్ టేబుల్ అంత, మగవి ఆ పక్కన మూకుడు మూతల్లా ఉన్నాయి. స్క్విడ్ ముక్క పిడికిట్లో ఐస్‌క్రీమ్ కోన్‌లా పట్టుకుని బొటనవేలు లోపలికి ముడుచుకోమన్నాడు, అది మీదకి పాకి వాక్యూమ్ క్లీనర్‌లా సర్రున లాగేసుకుంది. కొరకదు, నోట్లో గవ్వలు నలగ్గొట్టే పలకల్లాంటి పళ్ళుంటాయి కానీ ముందుకి పొడుచుకొచ్చే పళ్ళు లేవు. మా బాబు బొటనవేలు ముడవలేదు, వేలు చివర ఎర్రగా కమిలింది, వాడికి అదే పెద్ద గొప్ప, స్కూల్లో చూపించాలంట.

దానికి ముద్దు పెడితే ఏడేళ్ళు అదృష్టం అని అక్కడ గైడ్‌లందరూ చెప్పే మాట. బోట్‌లో నీడలో కూర్చున్న అమ్మకి నేను ఇది అనువాదం చేసి చెప్తే, "ఏలినాటి శని ఏడున్నరేళ్ళు కదే, మిగతా ఆర్నెల్లు ఎవరిస్తారు" అంది. నేను ముద్దు పెట్టలేదు. అంత దూరం రాలేదింకా.

ఇక బాలేనివి. గంట సేపు నీళ్ళలో అన్నారు, లెక్కేస్తే నలభై నిమిషాలు, అందులో పదిహేను నేను మెట్టు మీదే. పదకొండయ్యేసరికి పెద్ద బోట్లు వరసగా వచ్చాయి, ఆ రోజు మా షిప్ కాక ఇంకో మూడున్నాయి, తిరుపతి క్యూలో ఉన్నట్టైంది, కాళ్ళ కింద ఇసక లేచి నీళ్ళు మసకబారాయి, అలా మసకలో దిగాల్సొస్తే నేనైతే దిగేదాన్ని కాదు. పొద్దున మొదటి ట్రిప్పే తీసుకోండి. ఫోటోలు వాళ్ళే తీసి చివర్లో 40 డాలర్లన్నారు, ముందు ఆ మాటే లేదు. రెండో స్టాప్ కోరల్ గార్డెన్, అంటే పగడాలు చూసే చోటు, లోతుగా ఉంటుంది, ఈత రానివాళ్ళు బోట్‌లో గోళ్ళు గిల్లుకోవడమే. గాలి ఎక్కువుంటే తిరుగు ప్రయాణంలో బోట్ ఎగిరెగిరి పడుతుంది, వాంతుల మాత్ర ముందే వేసుకోండి. బట్టల గురించి మొహమాటపడేవాళ్ళు, ఫుల్ హ్యాండ్స్ స్విమ్ టాప్, లెగ్గింగ్స్ వేసుకోండి, ఎండకీ మంచిది, ఎవరూ చూడరు. చున్నీ మాత్రం వద్దు.

ఇంకోటి మనసులో తొలుస్తోంది, అదీ రాస్తా. మామూలుగా ఈ చేపలు రాత్రిళ్ళు ఒంటరిగా తిరిగి మేత వెతుక్కుంటాయి, ఇక్కడేమో పగలంతా గుంపుగా మన చేతుల కోసం తిరుగుతున్నాయి. చట్టం వాటిని పట్టకుండా కాపాడుతోంది, బానే ఉంది, కానీ వీటికి అలవాటైంది మన టైమ్ టేబుల్. ఇది తెలిశాక కూడా వెళ్తానా అంటే, వెళ్తాను, కానీ రెండో స్క్విడ్ ముక్క అడగను.

ఐదుకి నాలుగిస్తా. ఒకటి ఫోటోలకీ, కారే మాస్క్‌కీ కట్.

సాయంత్రం షిప్ ఎక్కాక అమ్మ కాకినాడలో పిన్నికి వీడియో కాల్ చేసింది, అక్కడ తెల్లవారుజామైనా సరే. నేను తినిపిస్తున్న ఫోటో కెమెరాకి అడ్డం పెట్టి చూపిస్తూ, "మన బుజ్జే, టేకు చేపే, చూడు. మనం పులుసు పెట్టుకునేదానికి ఇది డాలర్లిచ్చి మేత వేసొచ్చింది."